కస్టమ్స్‌లో దోపిడీ జరగలేదు: పుట్టపాక వాష్‌కేర్ కార్డు స్పానిష్‌లోకి వెళ్లిన కథ

మెసేజ్ మొదట ఇంగ్లీషులో ఉంది. ‘యువర్ పార్సిల్ హ్యాజ్ బీన్ హెల్డ్ అప్ ఎట్ కస్టమ్స్.’ పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగింది, అంతే విషయం. దాన్ని స్పానిష్‌లోకి మార్చి పంపాక మెక్సికోలో ఉన్న కొనుగోలుదారు చదివింది ఇది: ‘సు పకేతే ఫ్వే అసల్తాదో ఎన్ లా అదువానా’. మీ పార్సిల్‌ను కస్టమ్స్ ఆఫీసులో దుండగులు దోచుకున్నారు అని. ఆమె వెంటనే ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, ఇక్కడ, పార్సిల్ పంపిన నేత కుటుంబం ఉండే పుట్టపాకలో రాత్రి రెండు. ఇంట్లో అందరూ లేచి కూర్చున్నారు. ఆవిడ స్పానిష్‌లో ఏదో గాభరాగా అంటోంది, ఒక్క ముక్క అర్థం కాదు. తెల్లారాక నాకు ఫోన్ వచ్చింది. “మేడం, మీరు స్పానిష్ చెప్తరట గదా. మేం ఏం రాసినమో జర చూసి చెప్పుర్రి.”

పిలిచింది ఆ ఇంటి కోడలు. మగ్గాల పని మామగారిది, ఆన్‌లైన్ అమ్మకాలు ఈమెవి. స్పానిష్ రాసింది ఆమె మరిది, డిగ్రీ చదువుతున్నాడు. తెలివైన పిల్లవాడే. చేసిందల్లా, డిక్షనరీ యాప్‌లో ‘హోల్డ్ అప్’ అని కొట్టి, మొదట కనిపించిన అర్థం తీసుకోవడం. ఆ మాటకు ఇంగ్లీషులో ఆలస్యం చేయడమనే అర్థం ఉంది, తుపాకీ చూపించి దోచుకోవడమనే అర్థమూ ఉంది. యాప్ రెండోదాన్ని ముందు పెట్టింది. అసలు రాయాల్సింది ‘ఎస్తా రెతెనీదో ఎన్ లా అదువానా’, అంటే కస్టమ్స్‌లో ఆపి ఉంచారు. అదువానా అనే మాట అరబీ ‘దివాన్’ నుంచి స్పానిష్‌లోకి వెళ్లింది. మన దివాణం కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. ఈ సంగతి చెబితే ఆ టెన్షన్‌లోనూ కోడలు నవ్వింది: “అయితే దివాణంల మా పార్సిల్ దోసుకున్నరని రాసినమా?”

నేను హైదరాబాద్‌లో, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో (ఈఎఫ్ఎల్‌యూ) స్పానిష్ చదువుకున్నాను. ఇప్పుడు నల్లగొండలో ఉంటూ అనువాదాలు చేస్తాను, సాయంత్రాలు కొందరికి పాఠాలు చెబుతాను. ఈ పని చిన్నదే, డబ్బు కూడా చిన్నదే. కానీ ఇన్నేళ్లలో నాకు లీలగా తోచిన ఒక విషయం ఇక్కడ కళ్లెదుట కనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

నాకు వచ్చిన ఎక్సెల్ షీటు

ఆ సాయంత్రమే షీటు పంపారు. మొత్తం 61 గళ్లు. 14 గళ్లలో బట్ట ఎలా ఉతకాలో చెప్పే వాష్‌కేర్ కార్డు, 22 గళ్లలో వెబ్‌సైట్ బటన్లు, 25 గళ్లలో కస్టమర్లకు పంపే మెసేజ్‌లు. ఎడమ వరుసలో ఇంగ్లీషు, కుడి వరుసలో మరిది చేసిన స్పానిష్.

బటన్ల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. ఒంటరి మాటను గడిలో పెట్టి అనువదించమంటే ఎవరైనా తప్పే చేస్తారు. ‘బ్యాక్’ అన్న బటన్ ‘ఎస్పాల్దా’ అయింది, అంటే వీపు. ఉండాల్సింది ‘రెగ్రెసార్’. ‘ఫ్రీ షిప్పింగ్’లో ఫ్రీ కాస్తా ‘లీబ్రే’ అయింది, అంటే స్వేచ్ఛ ఉన్నది. డబ్బు తీసుకోనిదైతే ‘గ్రాతీస్’. ‘హోమ్’ అంటే ‘కాసా’ అని రాశాడు. అది కాపురం ఉండే ఇల్లు, వెబ్‌సైట్ మొదటి పేజీకి ‘ఇనీసియో’ అనాలి. ‘లైట్’ మూడు చోట్ల ఉంది, మూడు చోట్లా ‘లూస్’ అని దీపం పెట్టేశాడు. లేత నీలానికి ‘అసూల్ క్లారో’ కావాలి, తేలికైన దుప్పటికి ‘లిహేరా’ కావాలి. నిజంగా దీపం గురించిన గడి ఒక్కటీ లేదు. ‘సెట్ ఆఫ్ టూ’ కి మాత్రం ‘హువేగో దే దోస్’ అని సరిగ్గా రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. హువేగో అంటే ఆట కదా, దుప్పట్లతో ఆటేమిటని అనుమానం. ఆ మాటకు ఆట అనీ అర్థం, సెట్టు అనీ అర్థం. వాళ్లు దుప్పట్ల సెట్టును ‘హువేగో దే సాబనాస్’ అనే అంటారు. ఆ ప్రశ్నార్థకం నాకు నచ్చింది. అనుమానం వచ్చినవాడు బాగుపడతాడు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇప్పటి అనువాద యాప్‌లకు పూర్తి వాక్యం ఇస్తే ఇలాంటి తప్పులు చాలావరకు చేయవు. ‘హెల్డ్ అప్ ఎట్ కస్టమ్స్’ అని మొత్తంగా ఇచ్చి ఉంటే బహుశా సరిగ్గానే వచ్చేది. ముక్కలు చేసి ఇచ్చింది మనం.

అసలు చిక్కు వాష్‌కేర్ కార్డులో ఉంది. అక్కడ పూర్తి వాక్యాలే ఉన్నాయి, అయినా స్పానిష్ బాగాలేదు. మొదటి వాక్యం ‘కలర్స్ మే బ్లీడ్ ఇన్ ద ఫస్ట్ ఫ్యూ వాషెస్’. కుడి గడిలో ‘సంగ్రార్’ అని ఉంది. సంగ్రార్ అంటే నెత్తురు కారడం. వీళ్లు నేసే తెలియా రుమాల్‌కు ఎరుపు ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు నెత్తురు కారుతుందని కార్డు మీద అచ్చు వేస్తే ఇక చెప్పేదేముంది!

కోడలిని అడిగాను, ఈ ఇంగ్లీషు ఎవరు రాశారని. “ఎవరు రాయలే మేడం. వేరే సైట్ల ఉన్నది చూసి పెట్టినం.”

అప్పుడు నాకు దారి అర్థమైంది. నేసినవాళ్లకు బట్ట గురించి తెలిసినదంతా తెలుగులో ఉంది. కార్డు మీద ఉన్నది ఎక్కడి నుంచో తెచ్చుకున్న ఇంగ్లీషు. దాని మీద ఇప్పుడు స్పానిష్ కడుతున్నారు. మధ్యలో ఉన్న ఆ ఇంగ్లీషును తీసేస్తే? తరువాతి ఆదివారం మునుగోడు మీదుగా పుట్టపాక వెళ్లాను.

రంగు వదులుతుంది

పుట్టపాక పూర్వపు నల్లగొండ జిల్లాలోది. 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరి కిందికి వచ్చింది. తెలియా రుమాల్‌కు పేరున్న ఊరు. ఆ రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ నానబెట్టి తయారు చేస్తారు కాబట్టి ఆ పేరు. కొత్త రుమాలు చేతికి తీసుకుంటే నూనె వాసన తెలుస్తుంది.

కోడలి అత్తగారికి అరవై దాటి ఉంటాయి. ఆవిడ ముందు నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుని, ఎవరైనా ఇంటికొచ్చి కొనుక్కుంటే వాళ్లకు ఏం చెబుతారో అది చెప్పమన్నాను.

“గంతేనా బిడ్డా? రెండు మూడుసార్లు ఇడిగ పిండాలె. రంగు ఒదుల్తది. నీడకు ఆరెయ్యాలె. గట్టిగ పిండొద్దు. ఉతికినకొద్ది మెత్తవడ్తది.”

ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. అందులో నాకు కావాల్సిందంతా ఉంది.

‘రంగు వదులుతుంది.’ స్పానిష్‌లో దీనికి అచ్చంగా ఇదే మాట ఉంది: ‘సువెల్తా కొలోర్’. సొల్తార్ అంటే వదలడం, పట్టుకున్నది విడిచిపెట్టడం. ఇంగ్లీషు నెత్తురు కార్చుకుంటుంటే, తెలుగూ స్పానిషూ రంగును వదులుతున్నాయి. డిక్షనరీలో దీనికి ముందుగా కనిపించే మాట ‘దెస్తెన్యీర్’. అది తప్పు కాదు. కానీ మనం వేరు చేసి చెప్పే రెండు విషయాలు అందులో కలిసిపోతాయి. కొత్త బట్ట నీళ్లలో రంగు వదలడం ఒకటి. పాతబడ్డ బట్ట వెలిసిపోవడం ఇంకొకటి. దెస్తెన్యీర్ రెండింటికీ పనికొస్తుంది. కార్డు మీద అది ఉంటే, ఈ బట్ట వెలిసిపోయే రకమని ఎవరైనా అనుకోవచ్చు. వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టి చేనేత కొనేవాళ్లకు ఆ అనుమానం చాలు, బుట్టలోంచి తీసేస్తారు. అందుకే కార్డు మీద ‘పువేదే సొల్తార్ కొలోర్ ఎన్ లాస్ ప్రిమేరాస్ లవాదాస్’ అని వేశాను. మొదటి ఉతుకుల్లో రంగు వదలవచ్చు.

‘హ్యాంగ్ అవుట్ టు డ్రై ఇన్ షేడ్’ అన్న దానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలు పట్టాయి. ఆవిడకు ‘ఆరెయ్యాలె’ ఒక్కటే చాలింది. స్పానిష్‌కూ ఒక్కటే చాలు: ‘తెందేర్’. తీగ మీద బట్టలు ఆరేయడమే దాని అర్థం. మెక్సికోలో పక్క సర్దడాన్ని కూడా ‘తెందేర్ లా కామా’ అంటారు, కాబట్టి దుప్పటి అమ్మేవాళ్లకు ఆ మాట రెండు విధాల దగ్గరిది. అయితే కార్డులో తెందేర్ వేయలేదు, ‘సెకార్ ఆ లా సోంబ్రా’ అని వేశాను, నీడన ఆరబెట్టాలి అని. కారణం భాష కాదు. మెక్సికోలో బట్టల మీద లేబుల్ స్పానిష్‌లో ఉండాలని నామ్-004 అనే ప్రమాణం ఉంది. అక్కడి జనం ఏళ్ల తరబడి లేబుళ్ల మీద చూసి అలవాటుపడ్డ వాక్యాలు కొన్ని ఉన్నాయి. అలాంటి చోట కొత్తదనం చూపించకూడదు. తెందేర్‌ను వెబ్‌సైట్‌లో, బట్ట గురించి రాసిన పేరాలో వాడుకున్నాను.

ఇంకో చిన్న సంతోషం. ఆవిడ చేయమన్నవన్నీ ‘ఆలి’తో ముగిశాయి: పిండాలె, ఆరెయ్యాలె. ఎవరు ఆరేయాలి అన్నది లేదు. స్పానిష్ లేబుళ్లు కూడా క్రియ మూలరూపంతోనే నడుస్తాయి: లవార్, సెకార్, ప్లంచార్. ‘మీరు ఉతకండి’ అనే ధోరణి లేదు. మరిది మాత్రం ఇంగ్లీషు ‘వాష్’ ను ఆజ్ఞగా చదివి, ఒక చోట ‘నువ్వు’ అని, ఇంకోచోట ‘మీరు’ అని రాశాడు. కార్డు సగంలో చనువు, సగంలో మర్యాద.

అయితే ‘గట్టిగ పిండొద్దు’ దగ్గర నేనూ ఆగాను. మన వైపు బట్టలు పిండుడు అంటే ఉతకడం. పుస్తకాల తెలుగులో పిండడం అంటే నీళ్లు కారేలా నొక్కడం. మొదటి వాక్యంలో ‘ఇడిగ పిండాలె’ అన్నది కచ్చితంగా ఉతకడమే. రెండోది? బండకేసి బాదొద్దనా, మెలిపెట్టొద్దనా? అడిగాను. ఆవిడ మాటతో చెప్పలేదు, కొంగు చేతిలోకి తీసుకుని రెండు చేతులతో తిప్పి చూపించింది. “గిట్ల ఒద్దు.” మెలిపెట్టడం. ‘నో ఎక్స్‌ప్రిమీర్ ని రెతొర్సేర్’ అని రాసుకున్నాను. నొక్కి పిండొద్దు, మెలిపెట్టొద్దు. తెలుగు నుంచి చేస్తున్నాను కదా అని ధీమాగా ఉంటే ఇక్కడే బోల్తాపడేదాన్ని.

తెలుగు మీదుగా వెళ్తే ఎందుకు దగ్గర

ఇది సొంత భాష మీద మమకారంతో అంటున్నది కాదు. దీనికి భాషాశాస్త్రంలో ఆధారం ఉంది. లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషావేత్త 1985లో ఒక వ్యాసంలో భాషలను ఈ కోణంలో విడదీసి చూపించాడు. కదలిక గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషు క్రియలో ‘ఎలా కదిలింది’ అన్నది పెడుతుంది, ‘ఎటు కదిలింది’ అన్నదాన్ని ఇన్, అవుట్, అప్, ఆఫ్ అనే చిన్న మాటలకు వదిలేస్తుంది. స్పానిష్ తిరగేసి చెబుతుంది. ఎటు అన్నది అసలు క్రియ, ఎలా అన్నది దాని పక్కన. ‘హీ ర్యాన్ అవుట్’ అన్నదాన్ని స్పానిష్‌వాళ్లు ‘సలియో కొరియెందో’ అంటారు. సలియో అంటే బయటికి వెళ్లాడు, కొరియెందో అంటే పరిగెత్తుతూ. మనం ఏమంటాం? పరిగెత్తుకుంటూ బయటికి పోయాడు. అసలు క్రియ పోవడమే, పరుగు దానికి తోడు. సీసా తేలుతూ గుహలోకి వెళ్లింది అన్నా అంతే, ‘ఎంత్రో ఫ్లొతాందో’. మన విద్యార్థులు ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకుని ‘అవుట్’కు స్పానిష్ మాట వెతుకుతారు. అక్కడ వెతకాల్సింది ‘అవుట్’ కాదు, ‘పోవు’.

ఎటు, ఎలా అన్నది పక్కన పెట్టినా మన ‘పోవు’, ‘కొను’ పనికొస్తాయి. పడిపోవడం కాయేర్సే, వెళ్లిపోవడం ఈర్సే, మర్చిపోవడం ఒల్విదార్సే, నిద్రలోకి పోవడం దొర్మీర్సే. ఆ చివరి ‘సే’ ఇంగ్లీషులో లేదు, అందుకే ఇంగ్లీషు మీడియం పిల్లలకు అది మింగుడుపడదు. ‘దొర్మీర్ అంటే నిద్రలో ఉండడం, దొర్మీర్సే అంటే నిద్రలోకి పోవడం’ అని చెబితే క్లాసులో మొహాలు విచ్చుకుంటాయి. వేసుకోవడం పొనేర్సే, కడుక్కోవడం లవార్సే. నాకు నచ్చింది అన్నదీ అంతే. ఇంగ్లీషులో ‘ఐ లైక్’ అని మనిషి ముందుంటాడు. స్పానిష్ ‘మే గుస్తా’లో మనిషి ‘నాకు’ అయి పక్కకు తప్పుకుంటాడు, నచ్చిన వస్తువే కర్త.

వాష్‌కేర్ కార్డులో ‘గెట్స్ సాఫ్టర్ విత్ ఎవ్రీ వాష్’ అన్నచోట ఇది అక్కరకొచ్చింది. గెట్ అనే మాట ఇంగ్లీషు రాసేవాళ్లకు వరం, అనువాదకులకు శాపం. దొరకడం, అందడం, చేరడం, అర్థం కావడం, మారడం, అన్నీ గెట్టే. మరిది ఇక్కడ ‘కొన్సెగీర్’ పెట్టాడు, అంటే సాధించడం. బట్ట మెత్తదనాన్ని కష్టపడి సాధించిందన్నమాట. అత్తగారు ‘మెత్తవడ్తది’ అంది. మెత్తబడడం అంటే మార్పు, అదీ నెమ్మదిగా వచ్చి నిలిచిపోయే మార్పు. కాబట్టి ‘సే బుయెల్బే మాస్ సువావే’. ఇక్కడ ‘సే పోనే’ అంటే అంతగా నప్పదు. కాసేపు ఉండి పోయే మార్పులకు అది ఎక్కువగా వాడతారు, ముఖం ఎర్రబడడం లాంటివి.

ఇంత చెప్పాక, మోసపోయే చోట్లు కూడా చెప్పాలి. మారిపోవడం కదా అని ‘కంబియార్సే’ అనకూడదు, అది బట్టలు మార్చుకోవడం. రంగు మారిపోతే ఉత్త ‘కంబియార్’. ‘ఉంది’కి స్పానిష్‌లో ఎస్తార్, సేర్ అని రెండు క్రియలు, ఆ మాటను చూసి ‘ఎస్తార్’ వేసేయకూడదు. బట్ట తడిగా ఉంది అన్నప్పుడు ఎస్తార్ సరే, చీర ఎర్రగా ఉంది అని రంగు చెప్పేటప్పుడు సేర్ కావాలి. మనకు రెండింటిలోనూ ఒకటే ‘ఉంది’. ఇక విశేషణానికి లింగం తెలుగులో లేనేలేదు. ఎర్ర దుప్పటి, ఎర్ర రుమాలు అని ఒకేలా అంటాం. అక్కడ దుప్పటి రోహా, రుమాలు రోహో. కార్డు చివరిసారి చూసినప్పుడు నా తప్పులే ఇలాంటివి రెండు దొరికాయి.

మెసేజ్‌లు

ఈ 25 గళ్లూ కోడలితో ఫోన్‌లోనే చేశాను. ఒక్కోటి ఇంగ్లీషులో చదవడం, ‘ఇది మీ అత్తమ్మకు ఫోన్‌లో ఎట్ల చెప్తవ్?’ అని అడగడం, ఆమె చెప్పిన తెలుగును స్పానిష్ చేయడం. మొదటి పది నిమిషాలు ఆమెకు తమాషాగా ఉంది, తరువాత నాకంటే ముందే చెప్పేసింది.

‘వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ రెడ్.’ మరిది వెర్షన్‌లో ఎవరో పరిగెత్తుతున్నారు. కోడలు: “ఎర్రది మా దగ్గర అయిపోయింది.” స్పానిష్: ‘సే నోస్ అకబో ఎల్ రోహో’. అయిపోయింది ఎర్రది, మనకు. అయిపోయినదే కర్త, మనం పక్కన. తెలుగు ఎముక, స్పానిష్ చర్మం.

‘వి విల్ గెట్ బ్యాక్ టు యూ.’ కుడి గడిలో తిరిగి మీ దగ్గరికి వస్తాం అని ఉంది, విడిపోయిన ప్రేమికుల్లా. కోడలు: “రెండు రోజులల్ల చెప్తం.” ‘లే రెస్పొందేమోస్ ఎన్ దోస్ దీయాస్’.

‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ దగ్గర ఆమె ఆగిపోయింది. “ఇది మేం అనం మేడం. ‘ఉంట మరి’ అంటం.” నిజమే. ఉత్తరం ముగించే పద్ధతి ప్రతి భాషకూ వేరు. మెక్సికోలో వ్యాపారపు మెసేజ్‌లు ‘కెదామోస్ అల్ పెందియెంతే’ అని ముగుస్తుంటాయి, మీ కోసం చూస్తుంటాం అన్నట్టు. అది పెట్టాను.

క్షమాపణ మెసేజ్ ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. ‘వి మెస్డ్ అప్ యువర్ ఆర్డర్.’ కోడలు “మీది జర తారుమారైంది” అంది. స్పానిష్‌లోనూ ఇలా తప్పించుకునే దారి ఉంది: చేతిలోంచి గ్లాసు జారితే ‘సే మే కయో’ అంటారు, పడిపోయింది నాకు అని. నేను పడేశాను అని కాదు. భాషల మధ్య పొత్తు కుదిరింది కదా అని అది వేసేస్తే? దుప్పటికి బదులు దిండు గలేబులు అందుకున్న మనిషికి ‘తారుమారైంది’ అని రాస్తే మండుతుంది. ‘కొమెతీమోస్ ఉన్ ఎర్రోర్’ అని రాశాను, పొరపాటు చేశాం. ఇక్కడ ఇంగ్లీషుదే నయం, తప్పు ఒప్పుకుంది.

నేను చేసిన తప్పు

అంతా అయ్యాక మెక్సికోలో ఉన్న నా పాత పరిచయస్తురాలికి పంపాను. ఎంత తెలిసినా, ఆ దేశం మనిషి చదవకుండా అచ్చుకు ఇవ్వకూడదన్నది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న నియమం. ఆమె మూడు చోట్ల గీతలు పెట్టింది.

పోగులు లాగొద్దు అన్నదానికి నేను ‘నో తిరార్ దే లోస్ ఈలోస్’ అని రాశాను. నా పాఠ్యపుస్తకాలు స్పెయిన్‌వి, అక్కడ తిరార్ దే అంటే లాగడం. మెక్సికోలో తిరార్ అనగానే పారేయడం గుర్తొస్తుంది. లాగడానికి వాళ్ల మాట ‘హలార్’. కోడలికి చెబితే వెంటనే అందుకుంది: “మనం గుంజొద్దు అంటం, ఆంధ్రోళ్లు లాగొద్దు అంటరు. గట్లనేనా?” గట్లనే. బ్లీచ్‌కు ‘లెహీయా’ అని రాశాను, అక్కడ ‘క్లోరో’ అంటేగానీ ఇంట్లోవాళ్లకు తెలియదట. ఇస్త్రీకి ‘తెంప్లాదా’ అన్నాను, ఆమె ‘తీబియా’ చేసింది. గోరువెచ్చని ఇస్త్రీ.

నెత్తురు కారే రంగుల గురించి మరిదిని చూసి నవ్విన నేను, పోగులు పారేయొద్దని కార్డు అచ్చు వేయించబోయాను.

ఆమె గీతలు పెట్టనిది, కానీ మెచ్చుకుని అడిగినది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు కార్డులో ‘టై అండ్ డై’ అని ఉండేది. దాన్ని అలాగే అనువదిస్తే బీచ్‌లో వేసుకునే గుండ్రటి మచ్చల టీషర్టు కళ్లముందుకొస్తుంది. మన దగ్గర దీన్ని చిటికి అంటారు. నూలును ముందు కట్టి, రంగు అద్ది, తరువాత నేయడం. ఇదే పద్ధతి మెక్సికోలోనూ ఉంది. సాన్ లూయీస్ పొతోసీలోని శాంతా మరియా దెల్ రీయో ఊరి రెబోసోలు, అంటే ఆడవాళ్లు కప్పుకునే పొడవాటి శాలువాలు, ఇలాగే నేస్తారు. వాళ్లు దాన్ని ‘హాస్పే’ అంటారు. కార్డులో హాస్పేను ప్రస్తావించి, పడుగు నూలూ పేక నూలూ రెండూ కట్టి రంగు అద్దాకే నేస్తామని ఒక వాక్యం చేర్చాను. పడుగు ఉర్దీంబ్రే, పేక త్రామా. ‘చేతితో నేసినది’ అన్నచోట కూడా ‘తెహీదో ఆ మానో’ అని వదిలేయలేదు. తెహేర్ అంటే నేయడమూ అవుతుంది, ఊలు అల్లడమూ అవుతుంది. ‘ఎన్ తెలార్ మన్వాల్’ అని మగ్గం మాట చేర్చితేనే సూదులు కాదని తెలుస్తుంది.

కొత్త కార్డులు అచ్చయ్యాయి. అప్పుడు ఆగిన పార్సిల్ పది రోజులకు చేరింది, కస్టమ్స్‌లో ఎవరూ ఎవరినీ దోచుకోలేదు. ఆ కొనుగోలుదారు రెండోసారి ఆర్డర్ పెట్టినప్పుడు నూనె వాసన గురించి అడిగింది. ఇంగ్లీషు కార్డులో దానికి ‘ద స్మెల్ వేర్స్ ఆఫ్’ అని ఉండేది. అత్తగారి లెక్కలో ‘పిండినకొద్ది పోతుంటది’. దాన్నే పంపాం: ‘ఎల్ ఒలోర్ సే బా కితాందో కోన్ లాస్ లవాదాస్’. ‘సే బా’ లో ఉన్నదీ పోవడమే.

షీటులో ఒక్క గడి మాత్రం చాలా రోజులు ఖాళీగా ఉంది. ‘ద ప్యాటర్న్ గ్రోస్ ఆన్ యూ.’ అక్షరాలా మారిస్తే నమూనా మీ ఒంటి మీద బూజులా పెరుగుతుంది. నేను రాసుకున్న మూడు వెర్షన్లు నాకే నచ్చలేదు. మరిదికి ఫోన్ చేసి, ఇంట్లో ఎవరినైనా అడగమన్నాను. వెనక నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది, ఎవరో ఏదో అన్నారు. మరిది ఫోన్‌లోకి వచ్చి చెప్పాడు: “మా బాపు అంటుండు, సూసినకొద్ది మంచిగనిపిస్తది అని.”

‘మియెంత్రాస్ మాస్ లో మీరా, మాస్ లే గుస్తా.’ గడి నింపేసి షీటు పంపించాను.